హ్యాండ్‌హెల్డ్ పక్క బటన్లు, హోం స్క్రీన్ షార్ట్‌కట్లు: గుజ్జు ఫ్యాక్టరీ గోదాములో దేనికి ఏ పని అప్పగించాలి?

గుడిపాల_గోదాము
మే 11, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గోదాము లెక్కలు చూస్తుంటాను. తోతాపురి కాయ దిగడం మొదలైతే మాకు పగలు, రాత్రి అనే తేడా ఉండదు. దాదాపు 215 కిలోల గుజ్జు పట్టే డ్రమ్ములు ఒకదాని వెనుక ఒకటి గోదాములోకి వస్తూనే ఉంటాయి, ప్రతి డ్రమ్ము మీద ఒక బార్‌కోడ్ చీటీ ఉంటుంది. నిరుటి వరకు ఆ నంబర్లను పుస్తకంలో రాసుకుని, తెల్లవారిన తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ళం. ఈ ఏడాది యాజమాన్యం 12 హ్యాండ్‌హెల్డ్ కంప్యూటర్లు, అంటే చేతిలో పట్టుకుని బార్‌కోడ్ చదివే ఫోన్ లాంటి పరికరాలు కొన్నది. వాటిలో 10 ఆండ్రాయిడ్ 11వి, తర్వాత వచ్చిన రెండు ఆండ్రాయిడ్ 13వి.

పరికరానికి కుడి పక్కన, ఎడమ పక్కన ఒక్కొక్క పసుపు బటన్ ఉంది, రెండూ స్కాన్ చేసేవే. ఎడమ పసుపు బటన్ కింద ఒక చిన్న నల్ల బటన్ ఉంది, దానిని నొక్కితే ఏమీ జరగదు. స్టాక్ యాప్‌ను తిరుపతిలో ఒకరు మా కోసమే రాసి ఇచ్చారు.

నా ఇబ్బంది ఇది. ఒక డ్రమ్మును నమోదు చేయాలంటే యాప్ తెరవాలి, మెనూలోకి వెళ్ళాలి, 'డ్రమ్ము నమోదు' ఎంచుకోవాలి, స్కాన్ చేయాలి, ఆ తర్వాత తెర మీద 'సేవ్' నొక్కాలి. మా వాళ్ళ చేతులకు తడి గ్లౌజులు ఉంటాయి కాబట్టి తెర మీద నొక్కడమే పెద్ద పరీక్ష. పైగా హోం స్క్రీన్ మీద ముప్పైకి పైగా ఐకాన్లు ఉన్నాయి, వేలు ఎక్కడో తగిలి కెమెరా తెరుచుకుంటుంది. పరికరాన్ని గట్టిగా పట్టుకున్నప్పుడు ఎడమ స్కాన్ బటన్ దానంతట అదే నొక్కుకుని పక్క డ్రమ్ము నమోదైపోతుంది. నల్ల బటన్ నొక్కగానే 'డ్రమ్ము నమోదు' తెరుచుకోవాలి, ఇంకేదైనా బటన్ 'సేవ్' పని చేయాలి, హోం స్క్రీన్ మీద మూడే ఐకాన్లు ఉండాలి. కాయ రావడానికి నెల రోజులు కూడా లేదు. దారి చూపగలరు.

పాత_పరికరాల_పిచ్చి
మే 11, ఉదయం 11:05

గుడిపాల గారూ, మీ ప్రశ్న చదువుతుంటే నా బల్ల సొరుగులో నిద్రపోతున్న పామ్ పరికరం, జేబులో పట్టే పాతకాలపు చిన్న కంప్యూటర్, గుర్తుకు వచ్చింది. 1996లో వచ్చిన మొదటి పైలట్ నుంచీ ఆ వరుసలోని పరికరాలకు ముందు భాగంలో నాలుగు బటన్లు ఉండేవి. తేదీల పుస్తకం, చిరునామాలు, చేయవలసిన పనులు, రాతకాగితం అని వాటికి నాలుగు పనులు కంపెనీవారే కేటాయించేవారు. ప్రిఫరెన్సెస్‌లో 'బటన్స్' అనే పలక తెరిస్తే ఆ నాలుగింటికీ మనకు నచ్చిన పనులు ఇచ్చుకోవచ్చు. తెర మీద కలంతో కింది నుంచి పై అంచు దాకా ఒక గీత గీస్తే ఏం జరగాలో కూడా అక్కడే నిర్ణయించుకోవచ్చు. నేను రెండో బటన్‌ను లెక్కల యాప్‌కు మార్చి పదేళ్ళు హాయిగా వాడాను.

నా సలహా ఏమిటంటే, ఏ బటన్‌కు ఏ పని కావాలో మీ పనివారినే అడిగి, ఎవరి అలవాటును బట్టి వారికి పెట్టి ఇవ్వండి. చేతికి అలవాటైన బటన్‌ను కన్ను వెతకదు.

రేణిగుంట_మరమ్మతు
మే 11, మధ్యాహ్నం 1:30

కీ మ్యాపర్ అనే ఉచిత యాప్ ఉంది, పది నిమిషాల పని. దానిని యాక్సెసిబిలిటీ సేవగా (వైకల్యం ఉన్నవారికి సాయపడే యాప్‌ల కోసం ఆండ్రాయిడ్ ఇచ్చే ప్రత్యేక అనుమతి) అనుమతించి, నల్ల బటన్‌ను ఒకసారి నొక్కి నమోదు చేయించి, ఏ యాప్ గానీ షార్ట్‌కట్ గానీ తెరవాలో ఎంచుకోవాలి. ఒక్కసారి నొక్కితే ఒక పని, నొక్కి పట్టుకుంటే ఇంకో పని కూడా పెట్టవచ్చు.

ఆండ్రాయిడ్ 13 పరికరాల్లో మాత్రం ఒక మెలిక ఉంది. ప్లే స్టోర్ నుంచి కాకుండా ఫైలుగా ఎక్కించిన యాప్‌కు యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వబోతే, అది నియంత్రిత అమరిక అని చెప్పి ఆపేస్తుంది. యాప్ సమాచారం పేజీలో పై మూలనున్న మూడు చుక్కలు నొక్కి, నియంత్రిత అమరికలను అనుమతించిన తర్వాతే ముందుకు సాగుతుంది.

వాల్యూం బటన్ల జోలికి మాత్రం వెళ్ళకండి. మా దుకాణానికి ఒకాయన తన పరికరం దానంతట అదే మాట్లాడుతోందని, ఏది నొక్కినా తెరుచుకోవడం లేదని కంగారుగా తెచ్చాడు. రెండు వాల్యూం బటన్లను కలిపి మూడు సెకన్లు పట్టుకుంటే యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్ పనిచేస్తుంది. మొదటిసారి అనుమతి అడుగుతుంది, అది చేతి తగులుడుకు 'సరే' అయిపోయిందంటే టాక్‌బ్యాక్, అంటే చూపు లేనివారి కోసం తెరను చదివి వినిపించే ఏర్పాటు, మొదలవుతుంది. అప్పుడు ఒకసారి తాకితే పేరు చదువుతుంది, రెండుసార్లు తాకితేనే తెరుస్తుంది. ఆయన దానికి దయ్యం పట్టిందనుకున్నాడు.

తిరుచానూరు_కోడు
మే 11, రాత్రి 9:15

మరమ్మతు గారు చెప్పింది పనిచేస్తుంది కానీ నేనైతే దానిని చివరి ఉపాయంగానే ఉంచుకుంటాను. యాక్సెసిబిలిటీ సేవ మీద ఆధారపడిన బటన్, ఎవరైనా ఆ యాప్‌ను 'ఫోర్స్ స్టాప్' చేసిన క్షణం నుంచి పనిచేయదు. రాత్రి రెండు గంటలకు మీ గోదాములో దానిని మళ్ళీ ఆన్ చేసేవారు ఎవరు?

స్కానర్‌తో వచ్చే వృత్తి పరికరాల్లో తయారీదారు ఇచ్చిన బటన్ అమరిక దాదాపు ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి ముందు అక్కడ వెతకండి. హనీవెల్ పరికరాల్లో కీ రీమ్యాప్ అనే అమరిక ఉంటుంది. జీబ్రా పరికరాల్లో బటన్ మార్పులకు వేరే ఏర్పాటుతో పాటు డేటావెడ్జ్ అనే యాప్ ముందుగానే ఉంటుంది, అది ఒక్కో యాప్‌కు స్కానర్ ఎలా ప్రవర్తించాలో ఒక్కో ప్రొఫైల్‌గా దాచుకుంటుంది. మీది ఏ కంపెనీదైనా సెట్టింగ్స్‌లో బటన్, కీ, స్కాన్ అనే మాటలున్న ప్రతి పేజీనీ ఒకసారి తెరిచి చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 'సేవ్' కోసం మీకు బటన్ అవసరమే లేదు. స్కానర్ చదివిన నంబరు చివర ఎంటర్ కీని తానే జతచేసి పంపే అమరిక దాదాపు ప్రతి స్కానర్‌లోనూ ఉంటుంది. ఎంటర్ రాగానే నమోదు పూర్తయ్యేలా యాప్‌లో చిన్న మార్పు చేస్తే, స్కాన్ చేయడమే సేవ్ చేయడం అవుతుంది. మీరు బటన్ల కోసం వెతుకుతున్నారు, నేను మీ జాబితా నుంచి ఒక బటన్‌ను తీసేస్తున్నాను.

ఎడమ పసుపు బటన్‌కు 'ఏ పనీ లేదు' అని పెట్టండి. అయితే ఎడమచేతివాటం వారు ఎందరున్నారో ముందు కనుక్కోండి.

నల్ల బటన్ విషయంలో కొంత ఆలోచించాలి. తయారీదారుల అమరికలో సాధారణంగా ఒక యాప్‌ను తెరవమని చెప్పగలం గానీ, యాప్ లోపలి ఫలానా పేజీని తెరవమని చెప్పే వీలు అన్నిటిలో ఉండదు. అందుకని ఆ బటన్‌ను ఎఫ్1 కీగా (కంప్యూటర్ కీబోర్డు పై వరుసలో ఉండేది) మార్చండి. ఆండ్రాయిడ్ దానిని 131వ కీకోడ్‌గా, అంటే కీ గుర్తింపు సంఖ్యగా, యాప్‌కు అందిస్తుంది. యాప్ రాసిన వారిని పిలిచి, 131 వస్తే 'డ్రమ్ము నమోదు' తెరవమని నాలుగు వరుసలు రాయమనండి. యాప్ ముందున్నప్పుడు బటన్ పనిచేస్తుంది, లేనప్పుడు మౌనంగా ఉంటుంది. జేబులో పెట్టుకున్నప్పుడు నొక్కుకున్నా నష్టం లేదు.

పలమనేరు_పాలకేంద్రం
మే 12, ఉదయం 7:20

పాత పరికరాల గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే ఒక మాట కాదంటున్నాను. మీ పామ్ మీ ఒక్కరి జేబులోనిది. గోదాములోని హ్యాండ్‌హెల్డ్ ఒకరి సొత్తు కాదు, ఛార్జింగ్ స్టాండు మీద ఏది చేతికి అందితే దానిని తీసుకుని వెళతారు.

నేను పాల సేకరణ కేంద్రంలో పనిచేస్తాను. ఉదయం ఒకరు, సాయంత్రం ఇంకొకరు అవే పరికరాలను వాడతాం. ఒకప్పుడు మేము కూడా ఎవరికి నచ్చినట్టు వారు బటన్లు పెట్టుకున్నాం. నా పరికరంలో పక్క బటన్ 'తర్వాతి సభ్యుడు', సాయంత్రం ఆమె పరికరంలో అదే బటన్ 'చివరి నమోదు రద్దు'. ఒకరోజు ఛార్జింగ్‌లో పరికరాలు తారుమారయ్యాయి. నేను వరుసలో ఉన్నవారిని ఒకరి తర్వాత ఒకరిని పంపిస్తూ, వారి పాల లెక్కలను ఒక్కొక్కటిగా రద్దు చేస్తూ పోయాను. పదకొండో మనిషి చీటీ రాలేదేమని అడిగే వరకు నాకు తెలియనే తెలియదు. ఆ పది మందిని మళ్ళీ పిలిచి, క్యాన్లలో కలిసిపోయిన పాలకు లెక్క ఎలా కట్టామో ఇక్కడ రాయను, సిగ్గుచేటు.

పన్నెండు పరికరాలుంటే పన్నెండింటిలోనూ ఒకే బటన్‌కు ఒకే పని ఉండాలి. 'రద్దు', 'తొలగించు' వంటి పనులను ఏ బటన్‌కూ ఇవ్వకూడదు. అవి తెర మీదనే, రెండుసార్లు అడిగి జరగాలి.

ఘాట్‌రోడ్డు_కండక్టరు
మే 12, మధ్యాహ్నం 2:50

నాకు ఆండ్రాయిడ్ లోతులు తెలియవు. బస్సులో టికెట్ మిషన్ వాడేవాడిగా ఒక్కటి చెబుతాను. భాకరాపేట ఘాట్‌లో బస్సు తిరుగుతుంటే నా ఒక చెయ్యి కడ్డీ మీద ఉంటుంది, మిగిలినది ఒక్క బొటనవేలే. ఏ ఏర్పాటు చేసినా ముందు మీరే ఒక చేతిలో గోతం పట్టుకుని, రెండో చేత్తో పది డ్రమ్ములు చేసి చూడండి. కుర్చీలో కూర్చుని చూస్తే అన్ని బటన్లూ బాగానే కనిపిస్తాయి.

పాత_పరికరాల_పిచ్చి
మే 12, సాయంత్రం 6:10

పాలకేంద్రం వారి మాటతో నా సలహా సగం కూలిపోయింది, ఒప్పుకుంటున్నాను. మిగిలిన సగాన్ని కాపాడుకునే ప్రయత్నం చేస్తాను. పని ఒక్కటే ఉండాలి సరే, ఆ పని ఏదో తేల్చేది ఎవరు? అందుకైనా పనివారిని అడగాలి కదా.

ఇంకో జ్ఞాపకం చెప్పి ఊరుకుంటాను. మైక్రోసాఫ్ట్ వారి పాత ఫోన్ల వ్యవస్థ విండోస్ మొబైల్‌లో కూడా సెట్టింగ్స్‌లో బటన్ల పేజీ ఉండేది. అందులోనే పైకి, కిందికి జరిపే బటన్‌ను నొక్కి పట్టుకుంటే ఎంత ఆలస్యం తర్వాత, ఎంత వేగంతో మళ్ళీ మళ్ళీ నొక్కినట్టు లెక్కించాలో పెట్టుకునే జారుడు పట్టీలు ఉండేవి. షార్ట్‌కట్లైతే ఎల్‌ఎన్‌కే అనే చిన్న పాఠ్య ఫైళ్ళు. ముందు ఒక అంకె, ఆ తర్వాత హ్యాష్ గుర్తు, ఆ తర్వాత ప్రోగ్రాం దారి. ఆ అంకె దారిలోని అక్షరాల సంఖ్య. చేత్తో రాసుకుని స్టార్ట్ మెనూ ఫోల్డర్‌లో పెడితే మెనూలో వచ్చేసేది. ఆ రోజుల్లో మేము షార్ట్‌కట్ చేయాలంటే ముందు వేళ్ళు మడిచి అక్షరాలు లెక్కపెట్టేవాళ్ళం.

నొక్కి పట్టుకునే విషయం ఊరికే చెప్పలేదు. గ్లౌజు వేసుకున్న వేలు బటన్ మీద ఆలస్యంగా వదులుతుంది. దాని సంగతి చూసుకోండి.

నిర్వాహకుడు
మే 13, ఉదయం 8:00

గుడిపాల_గోదాము గారు పెట్టిన ఫోటోలో పరికరం సీరియల్ నంబరు కనిపిస్తున్నందున దానిని తొలగించాను. నంబరు కప్పి మళ్ళీ పెట్టగలరు.

గుడిపాల_గోదాము
మే 15, రాత్రి 10:30

ఫోటో విషయంలో క్షమించండి. మీరు చెప్పినట్టు సెట్టింగ్స్ అంతా గాలించాను. 'స్కాన్' పేజీలో చివర ఎంటర్ జతచేసే అమరిక దొరికింది. బటన్ల పేజీ వేరే చోట, ఎవరూ వెతకని చోట ఉంది, కానీ ఉంది. ఎడమ పసుపు బటన్‌ను పనిలేకుండా చేసి, నల్ల బటన్‌ను ఎఫ్1గా మార్చాను. పనివారిలో ఎడమచేతివాటం వారు ఇద్దరున్నారు. వారిని అడిగితే, ఒక చేత్తో పరికరం పట్టుకుని రెండో చేత్తో చీటీ సరిచేస్తామని, అందుకే కుడిచేతిలోనే పట్టుకోవడం తమకూ సుఖమని చెప్పారు. అడగకపోతే నేను వారి కోసమని రెండు పరికరాలను వేరుగా పెట్టి ఉండేవాణ్ణి. పాత పరికరాల గారి మిగిలిన సగం నిలబడింది.

యాప్ రాసినాయన ఎంటర్, ఎఫ్1 మార్పులు రెండు రోజుల్లో చేసి ఇచ్చాడు. ఇక మిగిలింది హోం స్క్రీన్.

తిరుచానూరు_కోడు
మే 16, ఉదయం 10:20

హోం స్క్రీన్‌కు మూడు మార్గాలున్నాయి, వాటి బిగువు వేరు వేరు.

అన్నిటికంటే వదులైనది వేరే లాంచర్ (హోం స్క్రీన్‌ను చూపించే యాప్) ఎక్కించి దానిని డిఫాల్ట్ హోం యాప్‌గా పెట్టడం. ఐకాన్లు తగ్గుతాయి గానీ తెలివైనవాడు పై నుంచి పట్టీ లాగి సెట్టింగ్స్‌లోకి పోతాడు. రెండోది ఆండ్రాయిడ్ 5 నుంచీ ఉన్న యాప్ పిన్నింగ్. స్టాక్ యాప్‌ను పిన్ చేస్తే అందులోనే ఉంటారు. మూడు బటన్ల నావిగేషన్ ఉంటే వెనుకకు, రీసెంట్స్ బటన్లను కలిపి నొక్కి పట్టుకుంటే బయటకు వచ్చేస్తారు, ఆ సమయంలో పిన్ నంబరు అడిగేలా పెట్టవచ్చు. పరికరం ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్ళీ పిన్ చేసుకోవాలి కనుక మీ రాత్రి షిఫ్టుకు ఇది తలనొప్పి.

మూడోది గట్టిది. ఒక నిర్వహణ యాప్‌ను పరికరానికి యజమానిగా పెట్టి, అనుమతించిన యాప్‌లకే పరికరాన్ని బిగించడం. ఆండ్రాయిడ్ 9 నుంచి ఇందులో హోం, రీసెంట్స్ బటన్లు ఉండాలో వద్దో కూడా నిర్ణయించవచ్చు. దీనికి పరికరంలో ఏ ఖాతా ఉండకూడదు. కాబట్టి ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మొదటి స్వాగత తెర మీద ఒకే చోట ఆరుసార్లు తాకితే క్యూఆర్ స్కానర్ తెరుచుకుంటుంది, అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

షార్ట్‌కట్ల సంగతి. ఆండ్రాయిడ్ 7.1 నుంచి యాప్ ఐకాన్‌ను నొక్కి పట్టుకుంటే లోపలి పనుల జాబితా వస్తుంది, దానిలోని పనిని లాగి హోం స్క్రీన్ మీద పెట్టుకోవచ్చు. యాప్ రాసినాయన 'డ్రమ్ము నమోదు', 'లారీకి ఎత్తు', 'నిల్వ చూడు' అని మూడు షార్ట్‌కట్లు ఇస్తే సరిపోతుంది. చిన్న పేరు 10 అక్షరాలు దాటకుండా ఉంటే మంచిదని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలే చెబుతాయి. తెలుగులో ఒత్తులు, గుణింతపు గుర్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆ పది ఇట్టే అయిపోతాయి. 'డ్రమ్ము నమోదు' కాకుండా 'నమోదు' అని పెట్టండి.

రేణిగుంట_మరమ్మతు
మే 16, మధ్యాహ్నం 12:45

కాయ రావడానికి మూడు వారాలుండగా పన్నెండు పరికరాలకు ఫ్యాక్టరీ రీసెట్ చేయమంటున్నారా? నిన్ననే సర్దుకున్న బటన్ అమరికలు కూడా దాంతో పోతాయి. ఈ సీజన్‌కు లాంచర్‌తో గడిపి, గట్టి పని సీజన్ అయ్యాక చేసుకోమని నా మాట.

తిరుచానూరు_కోడు
మే 16, మధ్యాహ్నం 1:10

అమరికలు పోతాయన్నది నిజమే. అందుకే పన్నెండింటినీ కాదు, ఒకదానిని చేసి చూడమంటాను. చాలా పరికరాల్లో అమరికలను ఫైలుగా దాచుకుని మిగిలిన వాటిలోకి ఎక్కించే ఏర్పాటు ఉంటుంది. అది ఉంటే పన్నెండింటికీ ఒక పూట చాలు. లేకపోతే మీ మాటే నా మాట.

పలమనేరు_పాలకేంద్రం
మే 17, ఉదయం 6:55

పేర్ల విషయంలో ఒకటి చెబుతాను. సరిహద్దు దగ్గర కదా, మీ దగ్గర తమిళం మాత్రమే చదివేవారు, ఏదీ చదవలేనివారు కూడా ఉంటారు. పేరు ఏ భాషలో పెట్టినా కొందరికి అది గీతే. మేము పాలకు తెల్ల క్యాను బొమ్మ, చెల్లింపుకు రూపాయి గుర్తు పెట్టుకున్నాం. రంగు, బొమ్మ, చోటు, ఈ మూడింటినీ ఎన్నడూ మార్చకండి. చోటు ముఖ్యం. మా దగ్గర ఒకసారి అప్‌డేట్ తర్వాత రెండు ఐకాన్లు చోట్లు మార్చుకుంటే, చదువుకున్న నేనే మధ్యాహ్నం దాకా తప్పు ఐకాన్‌నే నొక్కుతూ ఉన్నాను.

గుడిపాల_గోదాము
జూన్ 24, రాత్రి 11:50

ఆలస్యానికి మన్నించండి. కాయ జోరుగా దిగుతోంది, గేటు బయట కాటా కోసం ట్రాక్టర్ల వరుస రోడ్డు దాకా ఉంది. పది నిమిషాలు దొరికాయి కనుక జరిగింది చెబుతాను.

మా పరికరంలో అమరికలను ఫైలుగా దాచే ఏర్పాటు ఉంది కానీ, ఆండ్రాయిడ్ 11 పరికరం నుంచి తీసిన ఫైలును 13 పరికరాలు ఒప్పుకోలేదు. అందుకని పదింటిని గట్టిగా బిగించి, ఆ రెండింటిని లాంచర్‌తోనే ఉంచి కాటా గదికి పంపాను. అక్కడ గ్లౌజులూ లేవు, తడీ లేదు. కాటా గదిలో నల్ల బటన్ కూడా 'నమోదు'కే ఉంది, పాలకేంద్రం వారి మాట దాటలేదు.

హోం స్క్రీన్ మీద మూడు బొమ్మలు ఉన్నాయి. పసుపు డ్రమ్ము, నీలి లారీ, ఆకుపచ్చ అల్మారా. కింద తెలుగు పేర్లు ఉన్నాయి గానీ వాటిని ఎవరూ చూడరు. మా మేస్త్రీ వాటిని 'పసుపు నొక్కు, నీలం నొక్కు' అనే పిలుస్తున్నాడు.

మొదటి రాత్రి ఒక చిక్కు వచ్చింది, అది పాత పరికరాల గారు చెప్పినదే. గ్లౌజు వేలు నల్ల బటన్‌ను వెంటనే వదలదు. నొక్కి పట్టుకున్నంతసేపు ఆండ్రాయిడ్ ఎఫ్1ను మళ్ళీ మళ్ళీ పంపడంతో, నమోదు పేజీలు ఒకదాని మీద ఒకటిగా ఏడెనిమిది తెరుచుకున్నాయి. వెనుకకు నొక్కితే మళ్ళీ అదే పేజీ వస్తోందని మావాళ్ళు పరికరం పాడైందనుకున్నారు. యాప్ రాసినాయనకు ఈ చర్చ చూపించాను. మొదటి నొక్కును మాత్రమే లెక్కలోకి తీసుకుని, పునరావృతాలను వదిలేసేలా మర్నాడే సరిచేశాడు.

కండక్టరు గారి పరీక్ష కూడా చేశాను. గోతం కాదు, చీటీల కట్ట పట్టుకుని పది డ్రమ్ములు చేశాను. ఆరో డ్రమ్ము దగ్గర నా బొటనవేలికి నల్ల బటన్ అందలేదు, పరికరాన్ని ఛాతీకి ఆనించి జరుపుకోవలసి వచ్చింది. స్కాన్ తర్వాత యాప్ తిరిగి మెనూకు వెళ్ళకుండా నమోదు పేజీలోనే ఉండిపోయేలా చేయించాక, ఆ బటన్‌ను షిఫ్టు మొదట్లో ఒక్కసారి నొక్కితే సరిపోతోంది.

ఇంకొక్క చిక్కు ఉంది. ఎడమ పసుపు బటన్ పనిచేయకపోవడంతో, కొత్తగా చేరిన వారు దానినే నొక్కి స్కానర్ చెడిపోయిందని రాత్రి నన్ను లేపుతున్నారు. దాని మీద నల్ల టేపు అంటించాను, తడికి రెండు రోజుల్లో ఊడిపోతోంది. ప్లాస్టిక్ మీద నిలిచే అంటుడు ఏదైనా ఎవరికైనా తెలుసా?

రేణిగుంట_మరమ్మతు
జూన్ 25, ఉదయం 9:05

టేపు వద్దు. స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, వైర్లకు తొడిగే హీట్ ష్రింక్ గొట్టం ముక్కను నిలువుగా చీల్చి, పలచగా సిలికాన్ రాసి అంటించండి. ఒక రాత్రి ఆరాలి. ఛార్జింగ్ స్టాండులో కూర్చునే చోటుకు అంచు రాకుండా చూసుకోండి, లేదంటే పరికరం ఛార్జ్ కాదు, అప్పుడు మిమ్మల్ని లేపేది పది మంది.